హానా పెల్ గడువు

పదకొండో కట్టకు కస్తూరి నాడా చుట్టింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. లాగితే ఊడివచ్చే ముడి వేసి, అది కాగితాల మీద ఒత్తుకోకుండా కట్ట అంచుకు జరిపింది. కట్టను అట్టపెట్టెలో పెట్టి మూత వేసింది. పెట్టె మీది నంబరును చేతిలోని జాబితాతో సరిచూసి పెన్సిల్‌తో టిక్కు పెట్టింది. ఆ భవనంలో పెన్ను వాడనివ్వరు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని కోటు జేబులో ఉన్నది పెన్సిలే.

2016 నవంబరు పదిహేడు, గురువారం. ఉదయం ఎనిమిదీ నలభై.

స్టీవెనేజ్ పారిశ్రామికవాడ చివర, టైర్ల గోడౌనుకూ ఒక ఇంజనీరింగ్ షెడ్డుకూ మధ్య ఉన్న ఇటుక భవనం అది. పై అంతస్తులో చదువుకునే గది, ప్రదర్శనల గది, ఆఫీసు. కింది అంతస్తుకు కిటికీలు లేవు. అక్కడ పద్నాలుగు వరుసల ఇనుప అరలు, అరల్లో పెట్టెలు, పెట్టెల్లో నాలుగు వందల ఏళ్ల కాగితాలు. చర్చిలవి, కోర్టులవి, జమీందారీ కుటుంబాలవి. వేడి పదహారు డిగ్రీలు దాటకూడదు. అందుకని కస్తూరి మే నెలలో కూడా స్వెటర్ వేసుకునే పని చేసేది.

పని ఇది. పైన చదువుకోవడానికి వచ్చినవాళ్లు తమకు కావలసిన కాగితం నంబరు ఒక చీటీ మీద రాసి ఇస్తారు. చీటీకి మూడు ప్రతులు. తెల్లది కాగితంతోపాటు పైకి వెళ్తుంది. గులాబీది పైన ట్రేలో ఉంటుంది. పసుపుది, కాగితం తీసిన చోట, అరలో ఆ ఖాళీలో నిలబడుతుంది. కాగితం తిరిగి వచ్చేదాకా దాని చోటుకు ఆ చీటీ కాపలా. చీటీ పెట్టకుండా కాగితం కదపకూడదు. చేరిన రోజు కస్తూరికి చెప్పిన మొదటి మాట అది. రెండో మాట, ఒక బల్ల మీద ఒక వేళకు ఒక్క వస్తువే ఉండాలి. అది తిరిగి ఇచ్చాకే ఇంకొకటి. రెండు పెట్టెల కాగితాలు ఒకసారి కలిసిపోతే మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఈ రెండు మాటలూ ఆమె ఒక్కనాడూ దాటలేదు.

ఇవాళ ఆఖరి రోజు. కింది అంతస్తును మూసేస్తున్నారు. పెట్టెలన్నీ చెషైర్‌లో ఒక ఉప్పు గనిలోకి, నేల కింద నూట యాభై మీటర్ల లోతుకు వెళ్తున్నాయి. ఇకమీదట ఎవరికైనా ఏదైనా కావాలంటే వారం ముందు చెప్పాలి. వ్యానులో వస్తుంది. అరల మధ్య నడిచే మనుషుల అవసరం లేదు. ఆ మనుషులు ఇద్దరు. ఒకరు కస్తూరి, ఇంకొకరు టెర్రీ.

టెర్రీ ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు.

"మూడింటికి ఆఖరి లారీ," అన్నాడు. "వీటిని ఉప్పులో ఊరేస్తారట. ఇంకో మూడొందల ఏళ్లు పాడవ్వవు. మనల్ని కూడా దించమని అడగనా?"

"నువ్వు దిగు. నాకు బీపీ. ఉప్పు పడదు."

టెర్రీ నవ్వి పెట్టెలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఒక పెట్టె మీద చెయ్యి వేసి ఆగాడు. అది మిగతావాటితో లేదు. గోడ పక్కన స్టూలు మీద విడిగా ఉంది. నలభై ఒకటో నంబరు, ఎనిమిది మైళ్ల దూరంలోని ఒక పల్లె చర్చి కాగితాలు.

"ఇది ఎక్కించనా?"

"దాన్ని ముట్టుకోకు."

"జాబితాలో ఉందిగా."

"జాబితాలో ఉంది. టిక్కు లేదు. టిక్కు పెట్టాల్సింది నేను."

టెర్రీ ఆమె ముఖం చూశాడు. "మళ్లీ ఆ హానా గొడవేనా? చచ్చి మూడొందల ఏళ్లయింది, కస్తూరీ."

"ఎప్పుడు చచ్చిందో నీకు తెలుసా? నాకు తెలీదు. ఏ పెట్టెలోనూ లేదు."

కస్తూరి చీరాలలో పుట్టింది. తండ్రి వరండాలో కుట్టుమిషను పెట్టుకుని రవికెలు కుట్టేవాడు. పన్నెండేళ్ల వయసు నుంచి ఆమె కత్తిరింపుల దగ్గర కూర్చుంది. నలుగురు ఆడవాళ్ల గుడ్డముక్కలు ఒక బుట్టలో కలిసిపోతే, ఏ చెయ్యి ఏ రవికెదో అంచు చూసి చెప్పేది. కత్తెర ప్రతిసారీ ఒకేలా పోదు, ప్రతి కోతకూ దాని వంకర దానికి ఉంటుందని తండ్రి అనేవాడు. 1979లో పెళ్లయి స్టీవెనేజ్ వచ్చింది. భర్త ఆంజనేయప్రసాద్ లేతు మిషను మీద పనిచేసేవాడు. ఆమె తెరలు కుట్టే ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు చేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక ఏజెన్సీ ఆమెను ఈ భవనానికి పంపింది, మూడు నెలల పని అని. మూడు నెలలు ఇరవై రెండేళ్లయ్యాయి. ఆంజనేయప్రసాద్ 2009లో పోయాడు. దహనానికి ఒకరోజు సెలవు పెట్టి, మర్నాడు పనిలోకి వచ్చింది. ఇంట్లో కూర్చుంటే గడియారం వినిపిస్తోందని టెర్రీతో అంది. టెర్రీ ఆ రోజు ఆమెకు రెండుసార్లు టీ తెచ్చి ఇచ్చాడు.

ఈ ఇరవై రెండేళ్లలో పాత ఇంగ్లిషు రాత ఆమెకు అత్తగారి ఉత్తరాల రాతలాగే అలవాటైంది. మొదట్లో అంకెలు, తర్వాత పేర్లు, తర్వాత వాక్యాలు. చదవమని ఎవరూ చెప్పలేదు. చదవొద్దనీ చెప్పలేదు.

సెప్టెంబరు నుంచి తరలింపు పని. ప్రతి కాగితాన్నీ కొత్త కవరులో పెట్టి కొలతలు రాయాలి. నెల కిందట, నలభై ఒకటో పెట్టెలో మూడు మడతల ఉత్తరం ఒకటి, దానిలో ఒక కాగితం సగం దొరికాయి. ఆ సగం పై అంచు తిన్నగా లేదు, అలలాగా కోసి ఉంది. 1672లో ఇంగ్లండు నుంచి అమెరికా వలసలకు పనికి వెళ్లేవాళ్లకు రాసే ఒప్పందం అది. ఓడ ఖర్చు యజమాని పెట్టుకుంటాడు. బదులుగా ఇన్నేళ్లు చాకిరీ చేయాలి. ఒకే కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు, తలా తలా ఎదురుగా రాసి, మధ్యలో వంకరగా కోస్తారు. ఒక సగం యజమానికి, ఒక సగం పనిమనిషికి. రేపు తగాదా వస్తే రెండు సగాలూ కలిపి చూడాలి. అంచులు సరిపోతే నిజం. పనివాళ్ల సగాలు సాధారణంగా మిగలవు.

ఇది మిగిలింది. హానా పెల్, పంతొమ్మిదేళ్లు. మేరీలాండ్‌లో ఎడ్మండ్ వెస్కాట్ పొగాకు తోటలో నాలుగేళ్ల పని. సంతకం రాదు కనుక ఆమె గుర్తు: ఒక నిలువు గీత, దానికి రెండు అడ్డగీతలు.

ఆ తర్వాత రెండు రోజులకు ప్రదర్శన కోసం వెస్కాట్ కుటుంబం కాగితాలు తీయమని పైనుంచి చీటీ వచ్చింది. మూడో వరుస, ఆరో పెట్టె. కస్తూరి తీసిన కాగితం ఒక ఒప్పందం సగం. పేరు హానా పెల్. గుర్తు అదే. గడువు ఏడేళ్లు. ఏడు అనే అంకె ఉన్న చోట కాగితం గీకి ఉంది. గీకిన చోట సిరా పీల్చుకుని పాకింది.

ఆమె ఆ అంచు మీద వేలు పెట్టలేదు. పెట్టకూడదు. చూసింది అంతే. ఎడమ నుంచి మూడో అల దగ్గర కత్తి ఆగి మళ్లీ కదిలిన గంటు ఉంది. నలభై ఒకటో పెట్టెలో ఉన్న అంచుకు అదే గంటు కుడి నుంచి మూడో అల దగ్గర ఉంది. ఒకటి తలకిందులు చేస్తే రెండూ ఒకచోటికే వస్తాయి.

దశాబ్దాలుగా ఈ రెండు కాగితాలూ ఒకే కప్పు కింద, ఆరు వరుసల దూరంలో ఉన్నాయి. ఎంతమంది ప్రొఫెసర్లు ఒక దాన్ని చదివారో, ఎంతమంది పల్లె చరిత్రకారులు రెండోదాన్ని చదివారో తెల్ల చీటీల దస్తాలో ఉంది. రెండూ ఒక బల్ల మీదికి ఎన్నడూ రాలేదు. రావడానికి రూలు ఒప్పుకోదు.

పదిన్నరకు కస్తూరి పైకి వెళ్లింది. ప్రదర్శనల గది గోడల మీద ఫలకాలు ఎక్కాయి. సాయంత్రం ఆరింటికి ప్రారంభం. ప్రదర్శన పేరు 'కొత్త నేల, పాత చట్టం'. బ్రిటిష్ రాజు పాలన కింద అమెరికా వలసల్లో సమాజం ఎలా తయారైందో చెప్పే పన్నెండు ఫలకాలు. మొదటిదానిలో రాజు ఇచ్చిన పట్టా. రెండోదానిలో ఓడ. మూడోది నేల: ఒక మనిషిని సముద్రం దాటిస్తే యాభై ఎకరాలు. ఆ ఎకరాలు దాటించినవాడికి, దాటినవాడికి కాదు. తర్వాత పొగాకు, చర్చి, కోర్టు. ఎనిమిదో ఫలకంలో 1690ల నాటి ఒక జాబితా, ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లది. పేర్లున్నాయి, వయసులున్నాయి, గడువు అనే గడి లేదు. వాళ్ల పనికి గడువు లేదు. చివర తేయాకు పన్ను, యుద్ధం. ఈ గది గోడల మీద ఉన్నదంతా కస్తూరి చేతుల మీదుగా పైకి వచ్చిందే.

ఏడో ఫలకం దగ్గర వర్షిత నిలబడి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు, స్టాన్‌మోర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తల్లిదండ్రులది హైదరాబాద్. ప్రదర్శన బాధ్యత ఆమెది. తెలుగు అర్థమవుతుంది, నోటికి ఇంగ్లిషే ముందు వస్తుంది.

"ఆంటీ, గుడ్ మార్నింగ్. లాస్ట్ డే! కేక్ ఉంది, ట్వెల్వ్ థర్టీకి. డోంట్ రన్ అవే."

"నేనెక్కడికి పారిపోతానమ్మాయ్. పారిపోయిందని రాసింది నువ్వు," అంది కస్తూరి, ఫలకం చూపిస్తూ.

ఏడో ఫలకం మీద ఇలా ఉంది: 'హానా పెల్. ఏడేళ్ల ఒప్పందం మీద 1672లో మేరీలాండ్ వెళ్లిన సేవకురాలు. గడువు తీరకముందే పరారైంది. పదకొండు రోజులకు పట్టుబడింది. ఒక్కో రోజుకు పది రోజుల చొప్పున కోర్టు ఆమె గడువు పెంచింది. కొత్త సమాజంలో చట్టం క్రమశిక్షణను నిలబెట్టిన తీరుకు ఇది నిదర్శనం.'

వర్షిత ముఖం మారింది. "ఆంటీ, ప్లీజ్. నాట్ టుడే. నేను గ్రేమ్‌కి ఈమెయిల్ పెట్టాను కదా. హీ సెడ్, ఆఫ్టర్ ద ఓపెనింగ్."

గ్రేమ్ అంటే గ్రేమ్ ప్రైస్, ఆ భవనానికి అధికారి.

"ఓపెనింగ్ అయ్యాక రెండో సగం ఎక్కడుంటుంది? ఉప్పులో ఉంటుంది. మూడింటికి లారీ."

"వుయ్ కెన్ ఆర్డర్ ఇట్ బ్యాక్."

"ఎవరు చేస్తారు? నువ్వా?"

"నా కాంట్రాక్ట్ మార్చి దాకే, ఆంటీ," అంది వర్షిత. ఈసారి తెలుగులో.

"ఆమెదీ అంతేగా. నాలుగేళ్ల దాకే."

"దట్స్ నాట్ ఫెయిర్."

"కాదులే. ఆ కోర్టులో ఆ రోజు కూర్చున్న ఎనిమిది మందీ ఎవరో చూశావా? జాబితా నేనే తెచ్చిచ్చాను. ఆరుగురు పొగాకు తోటల వాళ్లే. ఆరుగురికీ ఇళ్లలో ఇలాంటి పనిపిల్లలున్నారు. యజమాని సగం చూసి తీర్పు చెప్పారు. ఈ పిల్ల సగం అడగనే లేదు. మూడొందల నలభై ఏళ్ల తర్వాత నువ్వూ యజమాని సగమే చూసి రాశావు."

"వెస్కాట్ ఫ్యామిలీ వస్తున్నారు ఈవెనింగ్. దే లెంట్ అస్ ఎవ్రీథింగ్. వాళ్ల తాతముత్తాతని చీట్ అని వాల్ మీద రాయమంటారా?"

"వాళ్ల తాతని ఏమీ అనొద్దు. ఈ పిల్లని అన్నది తీసెయ్."

వర్షిత నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. వెనక గాజుపెట్టె తెరిచి ఉంది. వెస్కాట్ సగం పారదర్శక కవరులో, పక్కన ట్రేలో ఉంది. నాలుగింటికి దాన్ని గాజు కిందికి చేర్చి తాళం వేస్తారు.

"ఆ ఉత్తరం చదివావా?" అంది కస్తూరి. "నీకు నకలు ఇచ్చాను కదా, పోయిన వారం."

"టైమ్ లేదు, ఆంటీ."

"ఒక పేజీయే."

కిందికి దిగిపోయింది.

పన్నెండున్నరకు ఆఫీసు గదిలో కేకు కోశారు. గ్రేమ్ ప్రైస్ మూడు నిమిషాలు మాట్లాడాడు. యాభై ఏళ్ల వాడు, పొట్టివాడు, ఈ పనిలోకి కాగితాల మీది ఇష్టంతోనే వచ్చినవాడు. ఇప్పుడతని రోజు మీటింగులకు పోతోంది. టెర్రీకి ఒక కార్డు, కస్తూరికి ఒక కార్డు ఇచ్చాడు. కస్తూరి తన కార్డు విప్పింది. లోపల పద్నాలుగు సంతకాలు, పైన ఒక వాక్యం: 'పదహారేళ్ల సేవకు కృతజ్ఞతలు.'

"ఇరవై రెండు," అంది కస్తూరి.

ప్రైస్ ఇబ్బంది పడ్డాడు. "మొదటి ఆరేళ్లూ మీరు ఏజెన్సీ తరఫున, కదా. మా రికార్డుల్లో 2000 నుంచే ఉంటుంది."

"మీ రికార్డుల్లో ఉండదు. మొదటి ఆరేళ్లూ మీ రికార్డులు మోసింది నేను."

ఎవరో నవ్వారు, వెంటనే ఆపారు. కస్తూరి జేబులోంచి పెన్సిల్ తీసి, పదహారు కొట్టేసి, ఇరవై రెండు రాసింది. కార్డు మడిచి జేబులో పెట్టుకుంది. కేకు ముక్క తింది. బాగుందని చెప్పింది.

ఒకటిన్నరకు నలభై ఒకటో పెట్టె మూత తీసింది. చీటీల పుస్తకం ముందు పెట్టుకుని రెండు చీటీలు రాసింది. మొదటిది చర్చి ఉత్తరానికి, దానిలోని సగానికి. పసుపు ప్రతిని తొమ్మిదో వరుసలో, పెట్టె ఉండే చోట నిలబెట్టింది. రెండోది వెస్కాట్ సగానికి; అది అప్పటికే పైన ఉంది కనుక పసుపు ప్రతి అరలో పెట్టే పని లేదు. దాని తెల్ల ప్రతిని పైకి తీసుకెళ్లి వర్షిత బల్ల మీద ఆమె కీబోర్డుకు ఆనించింది. వర్షిత అక్కడ లేదు.

తర్వాత చదువుకునే గదిలోకి వెళ్లి, కిటికీ పక్క బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గదిలో ఇరవై రెండేళ్లలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఆ వేళ అక్కడ నలుగురు చదువరులున్నారు. నలుగురూ తలెత్తి చూశారు. కుర్చీ ఎత్తు ఆమె అనుకున్నదానికంటే తక్కువ. కాళ్లు నేలకు బాగా ఆనాయి.

ఉత్తరాన్ని పాత కాగితాలు ఆనించే మెత్తటి దిండు మీద పెట్టి మడతలు విప్పింది. హానా పెల్‌కు రాయడం రాదు, తోటలో ఎవరి చేతనో రాయించింది. 1677 వసంతం. తమ్ముడికి.

'నాలుగేళ్లూ చేశాను. రోజులు లెక్కపెట్టుకున్నాను. నాలుగు నిండిన మర్నాడు బట్టలూ మొక్కజొన్న పీపాలూ అడిగాను, అవి చట్ట ప్రకారం నాకు రావాలి. ఏడేళ్లన్నాడు. కోర్టుకు వెళ్లాను. పారిపోయానన్నారు. నేను పారిపోలేదు, కోర్టుకు నడిచాను. పదకొండు రోజుల దారి. నా సగం కాగితం నీకు పంపుతున్నాను, ఇక్కడ ఉంటే తీసేసుకుంటారు. వెస్కాట్ తండ్రిగారి ఇల్లు నీకు తెలుసు. వాళ్ల సగం తెప్పించమను. రెండూ పక్కపక్కన పెట్టి చూడమను. ఇంకేమీ అడగొద్దు.'

తమ్ముడు వెస్కాట్ల ఇంటికి వెళ్లాడో లేదో తెలియదు. చర్చి పెద్దల దగ్గరికి మాత్రం వెళ్లాడు. ఉత్తరం వెనక ఇంకో చేతి రాత ఉంది: 'విచారించాము. ఇది మన పల్లెకు సంబంధించిన విషయం కాదు.' ఉత్తరాన్నీ సగాన్నీ చర్చి పెట్టెలో వేశారు.

రెండూ ఇరవై. రెండున్నర. కింద లారీ వెనక్కి వచ్చే శబ్దం, ఆగిన శబ్దం. తలుపులు తెరిచిన శబ్దం. రెండూ నలభై.

వర్షిత చదువుకునే గదిలోకి వచ్చింది. రెండు చేతులతో ట్రే పట్టుకుని ఉంది. ట్రేలో వెస్కాట్ సగం. దాని మీద తెల్ల చీటీ.

"చదివాను, ఆంటీ," అంది. ట్రే బల్ల మీద దించింది.

కస్తూరి లేచి నిలబడింది. రెండు కవర్లనూ దిండు మీదికి తెచ్చింది. వెస్కాట్ సగాన్ని తలకిందులుగా తిప్పింది. రెండు చేతులతో, గుడ్డ ముక్కలు జోడించినట్టే, అంచుకు అంచు జరిపింది. అంగుళం. అర అంగుళం.

తలుపు తెరుచుకుంది. గ్రేమ్ ప్రైస్ మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో ఉన్నాడు. వెనక టెర్రీ.

"డ్రైవరు ఎదురుచూస్తున్నాడు, కస్తూరీ. నలభై ఒకటి ఎక్కలేదు. జాబితా మీద మీ సంతకం లేదు." అప్పుడు బల్ల చూశాడు. గొంతు తగ్గించాడు, ఆ గదిలో అందరూ తగ్గిస్తారు కనుక. "ఇదేమిటి? మీకు నేను చెప్పాలా? ఒక బల్ల మీద ఒక్క వస్తువే."

"ఒక్కటే సర్," అంది కస్తూరి. "కోసి రెండు చేశారు."

ప్రైస్ ఏదో అనబోయాడు.

"సంతకం కావాలంటే మీరు పెట్టండి," అంది ఆమె. "కానీ 'సరిచూసినవారు' అని ఉంటుంది అక్కడ. చూసి పెట్టాలి. చూడండి."

నలుగురు చదువరులూ పెన్సిళ్లు దించేశారు. కింద లారీ హారను ఒకసారి మోగింది.

ప్రైస్ కళ్లజోడు తీసి, జేబులోని భూతద్దం తీశాడు. అది అతని జేబులో ఎప్పుడూ ఉంటుంది. చాలాకాలంగా బయటికి రాలేదు. బల్ల మీదికి వంగాడు. మూడో అల దగ్గర గంటు చూశాడు. కోయకముందు మధ్యలో గీసిన సిరా మెలిక ఒకటి పై సగంలో మొదలై కింది సగంలో పూర్తవడం చూశాడు. రెండు గుర్తులూ చూశాడు, నిలువు గీత, రెండు అడ్డగీతలు. ఒక సగంలో నాలుగు చూశాడు. రెండో సగంలో ఏడు చూశాడు. గీకిన చోట దీపాన్ని పక్క నుంచి వచ్చేలా తిప్పి, మళ్లీ చూశాడు.

చాలాసేపు లేవలేదు.

"ఈ పెట్టెలు రెండూ..." అన్నాడు.

"ఆరు వరుసల దూరం."

"ఎవరూ అడగలేదా?"

"రెండూ ఒకేసారి అడగకూడదుగా సర్. రూలు."

టెర్రీ దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

ప్రైస్ నిటారుగా నిలబడి, భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "టెర్రీ, డ్రైవరుకు చెప్పు. నలభై ఒకటి లేకుండా వెళ్లమను." తర్వాత గడియారం చూశాడు. "వెస్కాట్లు ఆరింటికి వస్తారు. ఫలకం అచ్చయిపోయింది. ఈ రాత్రికి అది అలాగే ఉండనిచ్చి, సోమవారం మనం కూర్చుని..."

"సోమవారం నేనుండను," అంది కస్తూరి.

"నేనుంటాను," అంది వర్షిత. ఇంగ్లిషులో అంది. అని, గది దాటి నడిచింది.

ప్రదర్శనల గది పక్కనే. ఫలకాలను గోడకు అతుకుపట్టీలతో అంటించారు. పట్టీ ఊడే శబ్దం చదువుకునే గదిలోకి వినిపించింది, గుడ్డ చింపినట్టు, ఒక మూల, తర్వాత రెండో మూల, తర్వాత మొత్తం. వర్షిత తిరిగి వచ్చింది. ఫలకం ఆమె చంకలో ఉంది.

ప్రైస్ ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు దించలేదు. అతను కస్తూరి వైపు చూశాడు. అక్కడా అంతే. కుర్చీ వెనక చెయ్యి ఆనించి, "వాళ్లకు నేను చెప్తాను," అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"దాని ప్లేస్‌లో ఏం రాయాలి, ఆంటీ?" అంది వర్షిత. ఫలకాన్ని గోడకు ఆనించింది. "త్రీ అవర్సే ఉంది."

"ఏమీ రాయొద్దు. రెండూ ఇలాగే పక్కపక్కన పెట్టు. ఆ పిల్ల అడిగింది అంతే."

"వాళ్లకి అర్థమవుతుందా?"

"కళ్లున్నాయిగా."

వర్షిత నవ్వింది. కస్తూరి రెండు కవర్లనూ ట్రేలో సర్దింది. అంచులు ఎదురెదురుగా, తలా తలా కలిపి. ట్రే ఎత్తి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. ఇచ్చేటప్పుడు ఇరవై రెండేళ్లుగా ప్రతి చదువరికీ చెప్పిన మాటే చెప్పింది. "రెండు చేతులతో పట్టుకో. కింద నుంచి."

ఐదింటికి ఆమె పని కోటు విప్పి మడిచి కుర్చీ మీద పెట్టింది. బ్యాడ్జీ తీసి దాని మీద పెట్టింది. టెర్రీ చెయ్యి చాపాడు, తర్వాత చెయ్యి సరిపోదనుకుని ఆమెను దగ్గరికి తీసుకుని వీపు మీద రెండుసార్లు తట్టాడు. "బీపీ చూసుకో," అన్నాడు. "నీ మోకాళ్లు చూసుకో," అంది. ప్రారంభానికి ఉండమని వర్షిత రెండుసార్లు పైనుంచి ఫోను చేసింది. కస్తూరి ఉండలేదు. బస్సు ఐదూ ఇరవైకి. ఆమె గేటు దాటేసరికి చీకటి పడింది. రెండు కార్లు లోపలికి వస్తున్నాయి. ఆగి వాటికి దారి ఇవ్వలేదు. రోడ్డు దాటే వరకు అవే ఆగాయి.

టెర్రీ దీపాలు ఆర్పడానికి కింద వరుసల వెంట నడిచాడు. పద్నాలుగు వరుసలూ ఖాళీ. ఇనుప అరల మీద పెట్టెలున్న చోట్ల దుమ్ము లేని చతురస్రాలు. తొమ్మిదో వరుసలో, నడుము ఎత్తు అరలో, ఒకే ఒక్క పసుపు చీటీ నిలబడి ఉంది. తేదీ ఉంది. కాగితం నంబరు ఉంది. 'అడిగినవారి పేరు' అన్న గీత మీద, కస్తూరి పెన్సిల్‌తో, హానా పెల్ అని ఉంది.